గాలితుపాకి గురి

"ఆడలేక మద్దెల ఓడు" అని మన పెద్దలు ఎగతాళి చేసిరి. కాని మద్దెల నిజముగనే ఓడైనచో ఆడువాని గతి ఏమి?

కొన్నేండ్ల క్రిందట నాచారమున ఒక మిత్రుని ఇంట ఈ ప్రశ్న మా కెదురైనది. ఆయన కుమారుడు స్ప్రింగు గాలితుపాకితో, ఇసుకబస్తాల కానించిన కాగితమును పది మీటర్ల దూరమునుండి కొట్టుట అభ్యసించుచుండెను. ఒక గుండు నడుమ పడిన, మరియొకటి బెత్తెడు దూరమున పడుచుండెను. చూచినవారెల్ల "చేయి కుదరలేదు" అనిరి. బాలుడు తుపాకిని మూలబెట్ట నెంచెను. తప్పు చేతిదా, తుపాకిదా?

ఈ తుపాకిలో గాలి ముందుగా నిలువయుండదు. గొట్టమును వంచినపుడు బలమైన స్ప్రింగు అణగి కొక్కెమునకు తగులుకొనును. మీట నొక్కగనే అది పిస్టనును ముందునకు త్రోయును. పిస్టను గాలిని నొక్కును. ఆ గాలి సీసపు గుండును వెడలగొట్టును. పిస్టను ఉరికినపుడు తుపాకి వెనుకకు కదలును. పిస్టను ఆగునపుడు ముందునకు కుదుపు తినును. గుండు గొట్టము విడువక మునుపే ఈ కదలిక మొదలగును. కావున గట్టిగ పట్టినచో గురి నిలుచునను నమ్మకము ఇచట చెల్లదు. అరచేతిపై తేలికగ నానించి, ప్రతిసారియు అదే తావున, అదే తీరున పట్టవలెను.

ఈ చిక్కును విప్పుటయే ఈ ఆయుధపు చరిత్ర. 1904లో బర్మింగ్‌హామునందు లింకన్ జెఫ్రీస్ అను తుపాకుల పనివాడు, గొట్టమును వంచక క్రిందిమీటతో స్ప్రింగును అణచు పద్ధతికి పేటెంటు పొందెను. మరుసటి యేట బి.యస్.ఏ. కర్మాగారము దానిని తయారుచేయ నారంభించెను. కీలు వదులగు దోషము దానితో తొలగినది. కుదుపు మాత్రము మిగిలినది. 1960 ప్రాంతమున జర్మనులు దానికి రెండు ఉపాయములు కనుగొనిరి. డయానా తుపాకిలో రెండు పిస్టనులు ఎదురెదురు దిక్కులకు ఉరికి ఒకదాని కుదుపు నొకటి అణచును. 1961నాటి ఫైన్‌వెర్క్‌బౌ 150లో గొట్టమును యంత్రమును కలిసి కొయ్యపై వెనుకకు జారును; కుదుపు భుజమునకు తెలియదు. పిదప నిలువగాలి రైఫిళ్ళు వచ్చి పోటీలనుండి స్ప్రింగును తొలగించినవి.

నాచారమునకు ప్రక్కనే ఉప్పల్‌లో భారత సర్వే శాఖవారి శిక్షణాలయము కలదు. ఆ శాఖ చరిత్రలోని ఒక ఘట్టము మాకు అపుడు స్ఫురించినది. 1808లో విలియం లాంబ్టన్ తంజావూరు గోపురముపైకి తన థియొడొలైటును ఎక్కించుచుండ త్రాడు తెగినది. అర టన్ను యంత్రము గోడకు కొట్టుకొని, దాని చక్రము వంకరపోయినది. ఆయన గుడారమున కూర్చుండి, సుమారు ఆరు వారములు శ్రమించి, భాగములు విప్పి, వంకరను కొంచెము కొంచెముగ సరిదీసెను. 1818లో జార్జి ఎవరెస్టు హైదరాబాదున సహాయకుడుగ చేరినది ఈ లాంబ్టన్ వద్దనే.

మేమును ఆ ఓర్పునే పట్టితిమి. ఒక తడవకు ఒకే మార్పు. మార్పు వెంట ఐదు గుండ్ల పరీక్ష. అంచు నలిగిన గుండ్లను ఏరివేసితిమి. చెదురు కొంత తగ్గినది. గొట్టము తుడిచితిమి, భేదము లేదు. నూనె వేయుద మనిరి, వలదంటిమి. పిస్టను ముందర చేరిన నూనె, నొక్కబడిన గాలి వేడికి మండి గుండు వేగమును మార్చును. తుదకు కొయ్యను బిగించు మరలను చూడ, ఒకటి అరచుట్టు తిరిగినది. దానిని బిగించితిమి. పిమ్మటి ఐదింటిలో నాలుగు గుండ్లు రూపాయి బిళ్ళలో ఇమిడినవి. ఐదవది ప్రక్కకు పోయినది. బాలుడు ఎవరును అడుగకమునుపే "అది నా పట్టు తప్పు" అనెను.

పది మీటర్ల ఎయిర్ రైఫిలు 1984లో ఒలింపిక్సున చేరెను. దాని నడిచుక్క వ్యాసము అర మిల్లీమీటరు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండనున 701.1 పాయింట్లతో కాంస్యము గెలిచెను, రజతము 701.5 వద్ద నుండెను. అట్టి సూక్ష్మమునకు చేరగోరు బాలునికి తన తప్పేదో, పనిముట్టు తప్పేదో తెలియవలెను. ముందు మద్దెలను బిగించి, పిదప ఆటను ఎంచుట న్యాయము.