మంచం కింద కుంపటి

పురిటి గదిలో నులక మంచం, దాని కింద నిప్పుల కుంపటి. రెండు మూడు తరాల కిందటి దాకా చాలా తెలుగు ఇళ్లలో బాలింతకు అదే వైద్యం. నులక సందుల్లోంచి వెచ్చదనం నడుముకు తగిలేది. పొద్దున వావిలాకు వేసి మరగకాచిన నీళ్లతో స్నానం, ఆ పైన సాంబ్రాణి పొగ. కాన్పుతో వదులైన ఒళ్లు గట్టిపడాలంటే కాపడం పడాల్సిందేనని ముసలమ్మలు పట్టుబట్టేవారు.

వాళ్లలో చరకుడి పేరు విన్నవాళ్లు తక్కువే అయి ఉంటారు. అయినా ఆ కుంపటి లాంటిదే ప్రాచీన ఆయుర్వేద గ్రంథం చరక సంహితలో ఉంది. సూత్రస్థానం 14వ అధ్యాయం మొత్తం స్వేదనానికే, అంటే వేడి పెట్టి చెమట పట్టించే చికిత్సకే కేటాయించారు. నిప్పు సాయంతో చేసే స్వేదాలు 13 అని లెక్క చెప్పారు. వాటిలో కర్షూ స్వేదం అంటే మంచం కింద గొయ్యి తవ్వి, పొగలేని నిప్పులు నింపి, పైన రోగిని పడుకోబెట్టడం. అశ్మఘన స్వేదంలో మనిషి పొడవు రాతిపలక మీద కట్టెలు మండిస్తారు. పలక కాలాక నిప్పులు ఊడ్చేసి, వేడినీళ్లు చల్లి, పైన దుప్పటి పరుస్తారు.

అన్నిటికన్నా ముచ్చటైనది నాడీ స్వేదం. కుండలో మందాకులు మరిగించి, ఆ ఆవిరిని గొట్టంతో ఒంటికి పట్టిస్తారు. ఆ గొట్టం తిన్నగా ఉండకూడదు, రెండు మూడు చోట్ల వంపు తిరగాలి. ఆవిరి వంపులు దాటుకుంటూ వస్తే దాని ఉద్ధృతి తగ్గి చర్మం కాలదని కారణం కూడా రాశారు. వేడిని పుట్టించడం ఎవరికైనా వస్తుంది. దాని జోరు తగ్గించడానికి ఇంత ఆలోచించారంటే, వాళ్లు కాపడాన్ని చిట్కాగా కాక శాస్త్రంగానే చూశారన్నమాట.

ఏ నొప్పికి ఏ వేడో కూడా నిర్ణయించారు. వాతానికి నువ్వులు, మినుములు, పాయసం లాంటి జిడ్డు, తడి ఉన్న ముద్దలు. కఫానికి ఇసుక, పొట్టు తీయని యవల లాంటి పొడి మూటలు. మన ఇళ్లలో మిగిలిన ఉప్పు మూట, ఇసుక మూట, ఆముదం రాసి వెచ్చచేసి కట్టే జిల్లేడాకు చూస్తే ఆ పొడి, తడి విభజన గుర్తుకు రాక మానదు. గుండె, కళ్ల దగ్గర వేడి పెట్టకూడదు, తప్పనిసరైతే చాలా మెల్లగా పెట్టాలి. నొప్పి, బిగుసుకుపోవడం, బరువు తగ్గి ఒళ్లు మెత్తబడితే ఆపేయాలి. గర్భిణులకు, మధుమేహం ఉన్నవాళ్లకు అసలు వద్దు.

వందేళ్లకు పూర్వమే ఇదే పద్ధతి జర్మనీ నుంచి కొత్త పేరుతో వచ్చింది. లైప్‌జిగ్‌లో ప్రకృతి చికిత్స చేసే లూయీ కూనే పుస్తకాన్ని వెంకటాచలపతి శర్మ 1894లో తెలుగులోకి తెచ్చారు. మన దేశంలో ప్రకృతి వైద్య ఉద్యమ చరిత్ర చెప్పేటప్పుడు ఈ అనువాదాన్ని మొదట్లోనే తలుచుకుంటారు. కూనే ఆవిరి స్నానంలో రోగి బల్ల మీద పడుకుంటే, కంబళి కప్పి, కింద మరిగే నీళ్ల పాత్రలు పెడతారు. తెలుగు పాఠకుడికి అందులో వింతేముంది? కుంపటి ఉన్నచోటికి నీళ్ల పాత్ర వచ్చింది, అంతే.

ఆస్ట్రేలియా నర్సు ఎలిజబెత్ కెన్నీ కథ వేరు. పోలియో వచ్చిన పిల్లల కాళ్లూ చేతులూ కదలకుండా చెక్కలతో, ప్లాస్టర్‌తో బిగించే రోజులవి. ఆమె ఉన్ని గుడ్డల్ని సలసలా కాగే నీళ్లలో ముంచి, ఒళ్లు కాలకుండా గట్టిగా పిండి, బిగుసుకున్న కండరాలకు చుట్టేది. ఆ తరవాత కాళ్లూ చేతులూ కదిలించేది. డాక్టర్లు చాలా ఏళ్లు ఒప్పుకోలేదు. 1940లో అమెరికా వెళ్లాక ఆమె మాట చెల్లింది, 1942లో మినియాపొలిస్‌లో ఆమె పేరుతో సంస్థ వెలిసింది. రోగం గురించి ఆమె చెప్పిన సిద్ధాంతాన్ని శాస్త్రవేత్తలు తప్పుబట్టారు. కానీ పిల్లల్ని చెక్కల బిగింపు నుంచి విడిపించిన ఘనతలో ఆమె వాటా చాలా పెద్దది.

ఇప్పుడు ఫిజియోథెరపీ గదిలో కరిగించిన మైనం తొట్టె ఉంటుంది, వేడినీళ్లలో నానేసిన ప్యాక్‌లుంటాయి, 27.12 మెగాహెర్ట్జ్ తరంగాలతో లోపలి కండరాన్ని వెచ్చబరిచే షార్ట్‌వేవ్ డయాథెర్మీ యంత్రం ఉంటుంది. శిక్షణ పొందిన థెరపిస్టు వేడి పెట్టే ముందు ఒక చిన్న పరీక్ష చేస్తారు. వేడినీళ్ల గొట్టం ఒకటి, చన్నీళ్ల గొట్టం ఒకటి చర్మానికి తాకించి, ఏది ఏదో చెప్పమంటారు. చెప్పలేకపోతే ఆ చోట వేడి పెట్టరు. మధుమేహం ముదిరితే పాదాల్లో స్పర్శ తగ్గుతుంది, కాలుతున్నా తెలియదు. చరకుడి నిషేధానికి కారణం వేరే కావచ్చు గానీ జాగ్రత్త మాత్రం ఇద్దరిదీ ఒక్కటే.

మన ఇళ్లలో కాపడం ఉంది, ఆ జాగ్రత్త జారిపోయింది. షుగర్ ఉన్న పెద్దవాళ్లకు వేడినీళ్ల సంచి ఇచ్చే ముందు వాళ్ల చర్మానికి వేడి తెలుస్తోందో లేదో చూడండి. తెలియడం లేదంటే ఆ చోట కాపడం పెట్టకండి, డాక్టరుకు చూపించండి. కరెంటు ప్యాడ్ పెట్టుకుని ఎవర్నీ నిద్రపోనివ్వకండి.