రాగికి నీళ్లే శ్రుతి

అమెరికాలో చికాగోకు పడమర, ఫెర్మీల్యాబ్. సంవత్సరం 2016. మీరు స్క్రీన్ల ముందు కూర్చున్నారు. కాంక్రీటు దిమ్మల అవతల, నాలుగున్నర మీటర్ల దరిదాపు పొడవున్న రాగి ఆర్‌ఎఫ్‌క్యూ, అంటే రేడియో తరంగాలతో అయాన్లను వేగపరిచే యంత్రం, నడుస్తోంది. హైడ్రోజన్ రుణ అయాన్లను 30 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర అందుకుని 2.1 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల దాకా తోస్తుంది. పల్సుల యంత్రమైతే రాగికి మధ్యమధ్య తెరిపి దొరుకుతుంది. ఇది నిరంతరం నడిచేది. వంద కిలోవాట్ల దాకా శక్తి లోపలే వేడిగా దిగిపోతోంది.

లోపల నాలుగు రాగి రెక్కలు. అంచులు ఎదురెదురుగా, మధ్యన మిల్లీమీటర్లలో సందు. రెక్క వేడెక్కితే సాగుతుంది, సందు ఇరుకవుతుంది, రాగి పలికే ఫ్రీక్వెన్సీ పడిపోతుంది. బయటి గోడ వేడెక్కితే రెక్కల్ని వెనక్కి లాగుతుంది, ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది. ఆ వేడిని లాగేందుకు రెక్కల్లో, గోడలో నీళ్లు పారుతుంటాయి. రెక్కల నీళ్లు ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 17 కిలోహెర్ట్జ్ కిందికి. గోడ నీళ్లయితే సుమారు 14 పైకి. రెండూ కలిసి వేడెక్కితే మాత్రం మూడు కూడా కదలదు. అసలు పట్టు ఆ రెండు నీళ్ల తేడాలో ఉంది. అందుకే వేర్వేరు లైన్లు, వేర్వేరు వాల్వులు. రాగి బిళ్లల ట్యూనర్లు లేకపోలేదు గానీ, అవన్నీ ముందే కొలిచి బిగించేసినవి.

ట్రిప్! లోపలెక్కడో మెరుపు కొట్టినట్టుంది, పవర్ గీత దబ్బున సున్నాకి పడింది. మళ్లీ ఆన్ చేయడం చిటికెలో పని. కానీ ఈలోగా రెక్కలు చల్లబడి ముడుచుకుంటున్నాయి. స్క్రీన్ మీద ఫ్రీక్వెన్సీ పైకి పాకుతోంది. కావలసింది 162.5 మెగాహెర్ట్జ్, అటూ ఇటూ మూడు కిలోహెర్ట్జ్ లోపల. ఇప్పుడు ఆ అంకె మీదే పట్టుబట్టి పవర్ పంపితే చాలా భాగం తిరుగుటపాలో వచ్చేస్తుంది.

కాబట్టి పంతం వదిలి, పవర్ పంపే జనరేటర్‌నే రాగి వెంట నడవనిస్తారు. రాగి ఎక్కడ పలికితే అక్కడే పవర్. రెక్కలు వేడెక్కుతాయి, అంకె దిగుతుంది. వాల్వు తిప్పాలని మీ చెయ్యి దురద పెడుతుంది. తిప్పకండి. తూము ఎత్తగానే కొసాయకట్టుకు నీళ్లందవు. ఇక్కడా అంతే, ఇప్పుడు కలిపిన చన్నీళ్లు పైపు దాటి రాగిని చేరేసరికి అక్కడి పరిస్థితి మారిపోయి ఉంటుంది. ఆ ఆలస్యాన్ని ముందే లెక్కగట్టి వాల్వు తిప్పే ప్రోగ్రాములు రాయడం ఇక్కడ ఒక పరిశోధనాంశమే అయింది.

పది కిలోహెర్ట్జ్. ఆరు. మూడు లోపు. జనరేటర్‌ను మళ్లీ 162.5కి కట్టేశారు. ఇక అయాన్ల బీమ్ వదలొచ్చు.