తునికి చేవ, బందరు సమాధులు, పేరు లేని వడ్రంగి

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మాది దివిసీమ, నాగాయలంక వైపు. యానాదులం. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. ఇప్పుడు బందరులో హాస్టల్లో ఉంటున్నా. మా బావ గుడివాడలో ఒక మేస్త్రి దగ్గర వడ్రంగం చేస్తాడు. పోయిన సెలవుల్లో వెళ్తే టేకు బల్ల మీద చిన్న ఉలితో పువ్వు ఆకారంలో గాడి తీసి, అందులో వేరే రంగు చెక్క ముక్క కూర్చోబెడుతున్నాడు. గోరు పెట్టి చూసినా సందు తగల్లేదు. "దీని మీద నీ పేరు రాయవా బావా?" అని అడిగా. "కొట్టు పేరు స్టిక్కర్ వేస్తార్లేరా, మన పేరు ఎవడిక్కావాలి" అని నవ్వేశాడు.

ఆ మాట మనసులో పడి ఈ పొదుగు పని చరిత్ర వెతకడం మొదలుపెట్టా.

మన బందరుకి 1605లో డచ్చి వాళ్లు, 1611లో ఇంగ్లీషు వాళ్లు వ్యాపారానికి వచ్చారు. వాళ్లు ముఖ్యంగా కొన్నది మన అద్దకం బట్టలు. కానీ ఈ కోరమాండల్ తీరం నుంచి కుర్చీలు, మంచాలు, పెట్టెలు కూడా ఓడలెక్కాయి. 17వ శతాబ్దంలో ఇక్కడి వడ్రంగులు నల్ల చేవ కర్రతో, ఒళ్లంతా పువ్వులు, తీగలు చెక్కి కుర్చీలు చేసేవాళ్లు. వందేళ్ల తర్వాత ఇంగ్లండులో హోరేస్ వాల్పోల్ అనే పెద్దమనిషి ఇలాంటి కుర్చీలు కొని, లండన్ దగ్గర స్ట్రాబెరీ హిల్ అనే తన ఇంట్లో పెట్టుకున్నాడు. అవి తమ ట్యూడర్ రాజుల కాలం నాటి ఇంగ్లీషు కుర్చీలే అనుకున్నాడు. మనవాళ్ల పేరు సంగతి అటుంచండి, చేసిన దేశం పేరే పోయింది!

ఇక దంతపు పొదుగు పనికి పేరు మోసింది విశాఖపట్నం. ఇంగ్లీషు వాళ్లు అక్కడ కూడా కొఠీ పెట్టారు. జిట్రేగు లాంటి గట్టి కర్రలో గాడి తీసి, ఏనుగు దంతం ముక్కలు పొదిగి, దంతం మీద సన్నగా గీతలు చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపేవాళ్లు. అప్పుడు తెల్లటి దంతం మీద బొమ్మ సిరాతో గీసినట్టు కనపడుతుంది. అంచుల్లో వేసే పూలతీగలకీ మన తీరం అద్దకం బట్టల మీది తీగలకీ దగ్గరి పోలిక ఉంది. 1756లో అటు వచ్చిన కార్నెయిల్ అనే ఇంగ్లీషు సైనికాధికారి కూడా ఈ పనితనాన్ని మెచ్చుకుని రాశాడు. మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ వించ్ సామాను 1781లో వేలానికి వస్తే, అందులోని దంతపు కుర్చీలను మూడో జార్జి రాజు తన రాణి షార్లెట్ కోసం కొన్నాడు. గవర్నరు పేరుంది, రాజు పేరుంది, రాణి పేరుంది. ఉలి పట్టినవాడి పేరు లేదు.

ఇందులో మనకేం పని అంటారా? మా రూమ్మేటుది రంపచోడవరం వైపు. ఎబోనీ గురించి చదివి వినిపిస్తుంటే "దాని తెలుగు పేరేంట్రా?" అన్నాడు. చూస్తే, కోరమాండల్ ఎబోనీ అని పుస్తకాల్లో రాసే చెట్టు మన తునికే! వాళ్లమ్మ ఎండాకాలం బీడీల కోసం ఆకు కోసి కట్టలు కట్టే తునికి. లక్క కూడా అడవిలో మోదుగు, పుసుగు చెట్ల కొమ్మల మీద పురుగు పెట్టేదే. అంటే ఆ కుర్చీల్లో అడవి కూడా ఉంది. కర్ర కొట్టినవాళ్లు, లక్క గీకినవాళ్లు, మోసినవాళ్లు ఎవరో ఒకరు ఉండే ఉంటారు కదా. వాళ్ల పేరు రాసే చోటే ఎవరూ ఉంచలేదు.

మొన్న బందరులో డచ్చి వాళ్ల సమాధుల దగ్గరికి వెళ్లా. రాళ్ల మీద పేర్లు, వంశం గుర్తులు ఎంత లోతుగా చెక్కారంటే ఇన్ని వందల ఏళ్ల తర్వాత కూడా వేలితో తడిమి చూడొచ్చు. పేరు నిలబెట్టాలనుకుంటే నిలబడుతుంది అని అక్కడ అర్థమైంది. మనల్ని ఎవరూ రాయలేదని కోప్పడటం న్యాయమే. కానీ ఇప్పుడు మనకి అక్షరం వచ్చింది. ఇంకా రాయకపోతే తప్పు మనది కూడా అవుతుంది.

పోయిన ఆదివారం మళ్లీ గుడివాడ వెళ్లా. ఆ బల్ల ఇంకా అమ్ముడుపోలేదు. బావని బతిమాలి, బల్ల అడుగున పెన్సిలుతో పేరు, ఊరు, తేదీ రాయించా. "అడుగున ఎవడు చూస్తాడ్రా" అన్నాడు గానీ, రాసేటప్పుడు మాత్రం రెండుసార్లు చెరిపి మళ్లీ రాశాడు.

మీ ఇంట్లో బుట్ట అల్లినవాళ్లు, వల కట్టినవాళ్లు, నాగలి చెక్కినవాళ్లు ఉంటే ఈ సెలవుల్లో కూర్చోబెట్టి అడగండి. ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ చెట్టు వాడారు, ఆ చెట్టుని మీ భాషలో ఏమంటారు. ఒక నోటుబుక్కులో పేరుతో సహా రాసిపెట్టండి. తునికిని మీ వైపు ఏమంటారో కింద చెప్పండి, నేను రాసుకుంటున్నా.