పూచీ ఎవరిది?

వికారాబాదు, తాండూరుల మీదుగా వాడికి పోవు రైలుమార్గము 1874లో ప్రారంభమైనది. నాపరాళ్లకు, కందులకు పేరుగాంచిన ఆ సీమవాసులు ఎందరో ఆ దారిన రాజధానికి వచ్చిపోవుచున్నారు. కాని ఆ పట్టాల వెనుకనున్న పెట్టుబడి కథ ఎరిగినవారు అరుదు.

1883లో లండనునందు నిజాము గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ ఏర్పడి, ఈ మార్గమును స్వీకరించి, తూర్పుదిక్కునకు పొడిగింపబూనినది. వాటాదారుల మూలధనముపై ఇరువది యేండ్లవరకు నూటికి 5 వంతున రాబడికి నిజాము ప్రభుత్వము పూచీపడినది. రైలు లాభించినను నష్టపడినను వాటాదారునకు చింత లేదు. లోటు పూరింపవలసినది ఖజానా. ఖజానాను నింపువాడు రైతు.

ఈ పథకపు వివరములు ప్రజలకు తెలియవలెనని కోరినవారిలో సరోజినీ నాయుడు తండ్రియగు అఘోరనాథ ఛటోపాధ్యాయ ముఖ్యుడు. ఆ యేటనే ఆయన రాజ్యమునుండి వెడలింపబడినాడు. 1930లో ప్రభుత్వమే రైల్వేను కొనివేసినది.

నాడు పెద్ద కంపెనీ వాటాలు లండను ధనికులవి. నేడు తాండూరు చిన్న వర్తకుడును మ్యూచువల్ ఫండు ద్వారా అట్టి వాటాలలో పాలు పొందగలడు. కాని పూచీ మాట? 1964లో వెలువడిన యూనిట్ ట్రస్టు తొలి పథకమునకు ప్రభుత్వమే అండయని పలువురు నమ్మిరి. 2001 జూలైలో ఆ యూనిట్ల క్రయవిక్రయములు నిలిపివేయబడగా వారికి కనువిప్పు కలిగినది.

2017లో సెబీ చేసిన నిర్వచనము ప్రకారము మార్కెట్టు విలువలో మొదటి 100 కంపెనీలు లార్జ్‌క్యాప్ కంపెనీలు. ఆ పేరుగల ఫండు నూటికి 80 వంతులకు తగ్గకుండ వానియందే పెట్టవలెను. వానిలో వృద్ధి కంపెనీ యనునది, రైతు మేలైన కందులను విత్తనమునకు దాచినట్లు, లాభములో హెచ్చుభాగమును తిరిగి వ్యాపారముననే పెట్టును.

అయినను పెద్దది పడిపోదని తలపరాదు. హైదరాబాదునందలి సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసము 2009 జనవరి 7న బయటపడగా, ఒక్క దినముననే వాటా ధర ముప్పాతికకు పైగా హరించినది. సొమ్మును పలు కంపెనీలలో చల్లినచో అట్టి దెబ్బ తగ్గును. కాని మార్కెట్టంతయు పడినప్పుడు ఫండును పడును. 2008 జనవరిలో 20,000 దాటియుండిన సెన్సెక్సు 2009 మార్చిలో 8,500కు దిగువకు జారినది. 2010లో మరల 20,000 దాటినది. వేచియుండగలిగినవారు తేరుకొనిరి, అవసరము మీదపడి నడుమ అమ్మినవారికి నష్టము నష్టముగనే మిగిలినది.

కావున వచ్చే యేటి విత్తనమునకో, బిడ్డ పెండ్లికో ఉంచుకొన్న సొమ్ము ఇందు పెట్టదగినది కాదు. నష్టము వచ్చినచో భరించువారెవరని మనము ముందుగా అడుగవలెను. 1883లో దానికి జవాబు ఖజానా. నేడు ఆ జవాబు మనమే.