ఇంజన్లలో వాటర్ ఇంజెక్షన్

ఇంజన్ పీల్చుకునే గాలిలోకి గానీ, నేరుగా దహన గదిలోకి గానీ నీటిని సన్నని తుంపరగా చిమ్మే పద్ధతిని వాటర్ ఇంజెక్షన్ అంటారు. నీటితో పాటు మిథనాల్ కలిపి వాడడమూ ఉంది. టర్బో కార్లలో ఎక్కువ శక్తి రాబట్టేందుకు వాడే ఉపాయంగా దీనికి పేరు వచ్చినా, ఈ పద్ధతి కార్ల కంటే ముందు విమానాల్లో పండింది. శ్రీహరికోట నుంచి లేచే రాకెట్లలోనూ ఇదే సూత్రం పనిచేస్తోంది. నీరు ఇంధనం కాదు, శక్తినివ్వదు. వేడిని లాగేసుకుని, ఇంజన్ తట్టుకోగల హద్దును కొంత ముందుకు జరుపుతుంది, అంతే. అందుకే ఈ పద్ధతి చరిత్ర పొడవునా నీరు సమయానికి అందడమే కీలకంగా నిలిచింది.

పనిచేసే తీరు

టర్బో గాలిని నొక్కి పంపుతుంది. నొక్కిన గాలి వేడెక్కుతుంది. పులికాట్ సరస్సు పక్కనున్న చిట్టమూరు వంటి చోట రోహిణి కార్తెలో బయటి గాలి 40 డిగ్రీల సెల్సియస్ ఉందనుకుంటే, పీడనాన్ని రెట్టింపు చేసే టర్బో నుంచి, దాని సామర్థ్యం 70 శాతం అయితే, గాలి దాదాపు 140 డిగ్రీల వేడితో బయటికి వస్తుంది. ఇంటర్‌కూలర్ ఆ వేడిని చాలావరకు తగ్గించగలదు. కానీ అది చల్లార్చేది కూడా బయటి గాలితోనే కాబట్టి ఎంత మంచిదైనా 40 డిగ్రీల కిందికి దించలేదు. ఇలా వేడి గాలితో నిండిన సిలిండర్‌లో పెట్రోల్ మిశ్రమం మంట చేరకముందే తనంతట తాను అంటుకుంటుంది. మెకానిక్‌లు నాకింగ్ అనేది దీన్నే. అది ముదిరితే పిస్టన్ అంచులు విరుగుతాయి, హెడ్ గాస్కెట్ పోతుంది.

నీటి గుప్తోష్ణం ఇక్కడ అక్కరకొస్తుంది. ఒక కిలో నీరు ఆవిరి కావడానికి సుమారు 2,257 కిలోజౌళ్ల వేడి తీసుకుంటుంది. మిథనాల్ సుమారు 1,100, పెట్రోల్ 350 దాకా మాత్రమే తీసుకుంటాయి. పైపులో ఆవిరైన తుంపర గాలిని చల్లబరుస్తుంది. మిగిలినది సిలిండర్‌లో కంప్రెషన్ వేడికి ఆవిరై నాకింగ్‌ను ఆపుతుంది. దాంతో బూస్ట్, అంటే టర్బో నొక్కి పంపే గాలి పీడనం, పెంచవచ్చు; స్పార్క్‌ను సరైన సమయానికి ముందుకు జరపవచ్చు. పూర్తి లోడు మీద చల్లదనం కోసమే అదనంగా పోసే పెట్రోల్ కూడా మిగులుతుంది. ఎగ్జాస్ట్ వేడి తగ్గి టర్బోలోని టర్బైన్ రెక్కలు దెబ్బతినకుండా ఉంటాయి. మోతాదు ముఖ్యం: ట్యూన్ చేసిన కార్లలో సాధారణంగా పెట్రోల్ పరిమాణంలో 10 నుంచి 25 శాతం వరకు నీరు వాడతారు. మరీ ఎక్కువైతే మంట నెమ్మదించి శక్తి తగ్గుతుంది.

తొలి ప్రయోగాలు, విమానాలు

హంగరీ ఇంజనీరు డొనాట్ బాంకి 1890లలోనే నీటిని చిమ్మి ఇంజన్ కంప్రెషన్‌ను పెంచగలిగాడు. బ్రిటన్‌లో హ్యారీ రికార్డో రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలంలో నాకింగ్ మీద చేసిన పరిశోధనల్లో నీరు, ఆల్కహాల్ ప్రభావాన్ని కొలిచాడు.

రెండో ప్రపంచ యుద్ధం ఈ పద్ధతిని ప్రయోగశాల దాటించింది. అమెరికా పీ-47 థండర్‌బోల్ట్‌లోని 2,000 హార్స్‌పవర్ ఇంజన్ నీటి సాయంతో అత్యవసర వేళ 2,300 దాకా ఇచ్చేది. జర్మన్లు సగం మిథనాల్, దాదాపు సగం నీరు, తుప్పు పట్టకుండా కొద్దిగా నూనె కలిపిన ద్రవాన్ని ఎండబ్ల్యూ-50 పేరుతో మెసర్‌ష్మిట్ బీఎఫ్-109 వంటి విమానాల్లో వాడారు. ట్యాంకులో ఉన్నది కొన్ని నిమిషాల పోరాటానికే సరిపోయేది.

జెట్ యుగంలో నీరు టేకాఫ్ సాధనమైంది. అమెరికా కేసీ-135ఏ ట్యాంకర్ విమానం మోసుకెళ్లే దాదాపు 2,500 లీటర్ల నీరు నేల విడిచే సమయంలోనే ఖర్చయ్యేది.

భారత గగనతలంలోనూ ఈ పద్ధతి కనిపించింది. 1961లో కాన్పూర్‌లో తయారై తొలిసారి ఎగిరిన ఆవ్రో హెచ్ఎస్-748 విమానాన్ని వైమానిక దళమూ, ఇండియన్ ఎయిర్‌లైన్సూ వాడాయి. దాని డార్ట్ ఇంజన్లు ఎండ వేళ టేకాఫ్ శక్తి తగ్గకుండా నీరు-మిథనాల్ మిశ్రమాన్ని తీసుకునేవి. నౌకాదళ సీ హారియర్ విమానాలు 1983 నుంచి 2016 వరకు సేవలందించాయి. నిలువుగా దిగేటప్పుడు విమానం బరువంతా పెగాసస్ ఇంజన్ మీదే పడుతుంది కాబట్టి ఆ ఇంజన్‌లోకి నీరు చిమ్మేవారు. ఆ నీరు ఒకటిన్నర నిమిషానికే సరి.

శ్రీహరికోట రాకెట్లలో నీరు

పులికాట్ సరస్సును ఆనుకున్న మండలాల్లో చిట్టమూరు ఒకటి. సరస్సుకు అవతల ఉన్న శ్రీహరికోటలో 1971లో రాకెట్ ప్రయోగాలు మొదలయ్యాయి. అక్కడి నుంచి ఎగిరే పీఎస్ఎల్‌వీ రెండో దశలోనూ, జీఎస్ఎల్‌వీలోనూ, ఎల్‌వీఎం-3లోనూ వికాస్ ఇంజన్ ఉంటుంది. ఫ్రాన్స్ వైకింగ్ ఇంజన్ పరిజ్ఞానం ఆధారంగా ఇస్రో దీన్ని తయారుచేసింది. హైదరాబాద్‌లోని ఎంటార్ సంస్థ దీని భాగాలు తయారుచేసే పరిశ్రమల్లో ఒకటి.

ఈ ఇంజన్‌కు ఇంధనాన్ని, ఆక్సీకారిని తోడిపోసే టర్బోపంపు ఉంటుంది. దాన్ని తిప్పడానికి గ్యాస్ జనరేటర్ అనే చిన్న గదిలో అవే ద్రవాలను కొద్దిగా మండిస్తారు. ఆ వాయువు నేరుగా తగిలితే టర్బైన్ రెక్కలు కరిగిపోతాయి. అందుకే గ్యాస్ జనరేటర్‌లోకి నీటిని చిమ్మి, వాయువును రెక్కలు ఓర్చుకునే వేడికి దించుతారు. ఇందుకు రాకెట్ దశలోనే విడిగా నీటి ట్యాంకు అమరుస్తారు. 1993 సెప్టెంబరు 20న ఎగిరిన తొలి పీఎస్ఎల్‌వీ మొదలు 2023 జులై 14న చంద్రయాన్-3ను మోసిన ఎల్‌వీఎం-3 వరకు వికాస్ ఇలా నీటిని వెంటబెట్టుకునే ఎగిరింది. కారులో లక్ష్యం నాకింగ్‌ను ఆపడం, ఇక్కడ టర్బైన్‌ను కాపాడడం. రెండు చోట్లా నీరు చేసేది వేడిని మింగే పనే.

కార్లలో

1962లో అమెరికాలో వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ తొలి టర్బో కార్లలో ఒకటి. 3.5 లీటర్ల ఆ వీ-8 ఇంజన్ కంప్రెషన్ రేషియో 10.25. టర్బో ఇంజన్‌కు అది చాలా ఎక్కువ. నాకింగ్ రాకుండా స్వేదన జలం, మిథనాల్ కలిపిన ద్రవాన్ని టర్బో రాకెట్ ఫ్లూయిడ్ పేరుతో అందించారు. ద్రవం అయిపోతే బూస్ట్ తగ్గించే కవాటమూ పెట్టారు. కానీ చాలామంది యజమానులు ట్యాంకు నింపలేదు, కారు నీరసంగా నడిచింది. చివరికి కంపెనీయే టర్బో తీసేసి మామూలు కార్బురేటర్ బిగించే ఏర్పాటు చేసింది. యంత్రం సరిగా ఉన్నా, జనం రోజువారీ అలవాటులో ఇమడకపోవడం వల్ల అది విఫలమైంది.

1980ల మొదట్లో ఫార్ములా వన్ టర్బో పోటీలో రెనో, ఫెరారీ జట్లు నీటిని వాడాయి. 1992లో వచ్చిన ఫోర్డ్ ఎస్కార్ట్ ఆర్ఎస్ కాస్‌వర్త్ తొలి కార్లకు ర్యాలీ నిబంధనల కోసం వాటర్ ఇంజెక్షన్ సామగ్రి జోడించారు. ఎలక్ట్రానిక్ నియంత్రణతో రోడ్డు మీదికి దీన్ని తెచ్చింది 2015లో ప్రకటించిన బీఎండబ్ల్యూ ఎం4 జీటీఎస్. 5 లీటర్ల ట్యాంకు సాయంతో, మామూలు ఎం4లో 431గా ఉన్న హార్స్‌పవర్ ఇందులో 500కు చేరింది. నీరు తీరిపోతే కంప్యూటరే బూస్ట్, స్పార్క్ టైమింగ్ తగ్గిస్తుంది.

కిట్లు, జాగ్రత్తలు

ట్యూనింగ్ కిట్‌లో ట్యాంకు, అధిక పీడన పంపు, బూస్ట్ ఒత్తిడిని బట్టి పనిచేసే కంట్రోలర్, ఇంటర్‌కూలర్ తర్వాత బిగించే నాజిల్ ఉంటాయి. నాజిల్ రంధ్రం వెంట్రుకలా సన్నన, తుంపర పొగమంచులా పలచన. తీరప్రాంతపు బోరు నీరు ఉప్పన. అది పోస్తే రంధ్రం పూడుకుపోతుంది, లవణాలు వాల్వుల మీద పేరుకుంటాయి. మినరల్ వాటర్‌లోనూ కొన్ని లవణాలు మిగిలే ఉంటాయి. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరే దీనికి తగినది. మిథనాల్ విషం, కంటిచూపు పోగొడుతుంది, పట్టపగలు దాని మంట సరిగా కనబడదు.

నీటిని నమ్ముకుని ట్యూన్ చేసిన ఇంజన్‌కు నాజిల్ పూడినా, పంపు ఆగినా క్షణాల్లో ముప్పు. ప్రవాహాన్ని కొలిచి, తగ్గిన వెంటనే బూస్ట్ దించే రక్షణ వ్యవస్థ అందుకే తప్పనిసరి. మన దేశంలో రోడ్డు వాహనానికి ఇలాంటి మార్పులు చేయించేవారు మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ విధించే పరిమితులను గమనించాలి.

నేటి స్థితి

ట్యాంకు నింపే బాధ్యతను డ్రైవరు నుంచి తప్పించడమే తర్వాతి పరిశోధనల లక్ష్యం. ఏసీ నుంచి కారే నీటిని పట్టి ఇంజన్‌కు మళ్లించే నమూనా కారును బీఎండబ్ల్యూ 2015లో చూపింది. అది గాలిలోని తేమ చల్లబడి వచ్చే నీరు కాబట్టి లవణాలు ఉండవు. తేమ ఎక్కువగా ఉండే నెల్లూరు తీరం వంటి చోట అది సమృద్ధిగా దొరుకుతుంది కూడా. పెట్రోల్ ఆదా కోసం బాష్ సంస్థ మామూలు కార్లకూ ఈ పద్ధతిని ప్రతిపాదించింది. అయినా ఇంతవరకు ఇది పోటీ కార్లకు, ట్యూనింగ్ కార్లకు, కొద్దిపాటి ప్రత్యేక మోడళ్లకే పరిమితమైంది.