గీత గీతగా దిగిన బొమ్మ

బొమ్మని చెవితో వినవచ్చునంటే నవ్వుతారేమోగాని, 1957లో అమెరికాలో ఒక కుర్రవాడు సరిగ్గా ఆ పనికే పూనుకున్నాడు. పేరు కాప్‌థోర్న్ మెక్‌డొనాల్డ్. కెంటకీ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు విద్యార్థి. టెలివిజన్ బొమ్మ పంపాలంటే పెద్ద స్టేషను కావాలి. సరదాకి ఇంట్లోనే రేడియో నడుపుకునే హామ్‌లకి అంత స్తోమత ఎక్కడిది? వాళ్ళకున్నది మనిషి గొంతు పట్టేంత ఇరుకుదారి. అందులోంచి బొమ్మ వెళ్ళాలంటే నెమ్మదిగా వెళ్ళాలి మరి! మగ్గం మీద చీర నేసినట్టు ఒక్కొక్క గీతే పంపాడు. నలుపుకి కాస్త తగ్గు స్వరం, తెలుపుకి హెచ్చు స్వరం. 120 గీతలు, 8 సెకన్లు, ఒక బొమ్మ. వినేవాళ్ళకి మాత్రం పిట్టల కీచులాటే.

ఈ కీచులాట ఆకాశానికెక్కడానికి చాలా ఏళ్ళే పట్టింది. 1983లో ఓవెన్ గ్యారియట్ అంతరిక్షం నుంచి హామ్‌లతో మాట్లాడాడు. అప్పటికి మాటలే. బొమ్మల వంతు టోనీ ఇంగ్లండ్‌కి దక్కింది. ఆయన ఓపిక చూడండి. 1967లో, పాతికేళ్ళ వయసులో వ్యోమగామిగా ఎంపికయ్యాడు. ఎదురుచూసి, 1972లో విసిగి వెళ్ళిపోయాడు. 1979లో మళ్ళీ వచ్చి చేరాడు. ఎక్కేసరికి 43 ఏళ్ళు! ఆ వయసులో మనం కొత్తగా వీణ నేర్చుకుంటామంటే ఇంట్లోవాళ్ళు ఎలా చూస్తారో మీకు తెలియంది కాదు.

1985 జూలై 29న చాలెంజర్ లేచింది. 5 నిమిషాల 45 సెకన్లకి మూడు ఇంజన్లలో ఒకటి దానంతటదే ఆగిపోయింది. ఇంజను శుభ్రంగానే ఉంది. వేడి కొలిచే సెన్సర్లే అబద్ధం చెప్పాయి. కాసేపటికి ఇంకో ఇంజను సెన్సరు కూడా అదే పాట ఎత్తుకుంది. అదీ ఆగితే కక్ష్య మాట దేవుడెరుగు, ఏడుగురు ప్రాణాలతో దిగడమే కష్టం. అప్పుడు హ్యూస్టన్‌లో ఇంజన్ల కొలతలు చూస్తున్నది జెన్నీ హోవర్డ్ అనే ఆవిడ. అబద్ధమేదో నిజమేదో తేల్చుకోవడానికి ఆవిడకున్నవి సెకన్లు. ఇంజన్లు వాటంతటవి ఆగిపోకుండా కట్టుబాటు చెయ్యమంది. వ్యోమగాములు చేశారు. అనుకున్నదానికన్నా తక్కువ ఎత్తయితేనేం, ఓడ కక్ష్య చేరింది.

ఆ తరవాతే కిటికీకి పెట్టిన యాంటెన్నా లోంచి టోనీ బొమ్మలు కూయడం మొదలుపెట్టాడు. ఓడ నెత్తిమీదుండేది కొద్ది నిమిషాలే. పాలు పొంగేలోగా పట్టుకోవాలన్నమాట! ఎవరింట్లో వాళ్ళు, సొంత సెట్ల ముందు కూర్చుని గీత గీతగా పట్టుకున్నారు. అదే ఓడలో కోకా కోలా, పెప్సీ డబ్బాలు కూడా వెళ్ళాయి. లోకానికి ఆ ముచ్చటే ఎక్కువయిందనుకోండి.

ఆరు నెలలకి, 1986 జనవరి 28న, అదే చాలెంజర్ మరో ఏడుగురితో గాలిలోనే విచ్ఛిన్నమైపోయింది. టోనీ మళ్ళీ ఎక్కలేదు. 1988లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పడానికి వెళ్ళాడు.

ఇప్పుడు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి అప్పుడప్పుడు ఇలాంటి బొమ్మలు వస్తుంటాయి, 145.800 మెగాహెర్ట్జ్ మీద. రేడియో పక్కన సెల్‌ఫోను పెడితే చాలు, అదే విని బొమ్మ గీసేస్తుంది. ఒక్కో బొమ్మకి రెండు నిమిషాలు. పది నిమిషాల్లో కేంద్రం ఆకాశపు అంచు దాటిపోతుంది. చివరి బొమ్మ సగంలో ఉంటే సగమే. కిందిభాగమంతా ఇసక పోసినట్టుంటుంది. దాన్నీ దాచుకునేవాళ్ళున్నారు.