క్లోమగ్రంథికి దెబ్బ తగిలినప్పుడు

మన శరీరంలోని అవయవాలలో క్లోమగ్రంథి మిక్కిలి మరుగున ఉన్నది. జీర్ణాశయానికి వెనుక, వెన్నెముకకు ముందు అది అడ్డంగా అమరి ఉంటుంది. ఆహారాన్ని జీర్ణింపజేసే రసాన్ని నిత్యమూ స్రవించి, ఒక సన్నని నాళం ద్వారా చిన్నప్రేవులోనికి పంపుతుంది. ఆ నాళాన్ని 1642లో పాదువా నగరంలో విర్సుంగ్ అనే శరీరశాస్త్రజ్ఞుడు కనుగొన్నాడు. గాయపడిన క్లోమానికి చేసే శస్త్రచికిత్స చరిత్ర అంతా ఆ నాళాన్ని ఆశ్రయించుకొనియే నడచినది.

1827లో లండన్ శస్త్రవైద్యుడు బెంజమిన్ ట్రావర్స్ ఒక స్త్రీ ఉదంతాన్ని ప్రకటించాడు. ప్రయాణికుల గుఱ్ఱపుబండి చక్రం తగిలి ఆమె మరణించినది. అనంతరం పరీక్షింపగా క్లోమం రెండు తునకలై కనిపించినది. బయటి దెబ్బకూ, కఠినమైన వెన్నెముకకూ నడుమ చిక్కిన మెత్తని గ్రంథికి ఇట్టి గతియే పడుతుంది.

ఈ గాయంలోని అపాయం రక్తస్రావంతో ముగియదు. తెగిన నాళం నుండి కారిన రసం చుట్టుపట్ల కండరాలనూ క్రొవ్వునూ జీర్ణింపజేయడం మొదలుపెడుతుంది. 1903లో మికులిచ్ రడెట్స్కీ అనే సుప్రసిద్ధ శస్త్రవైద్యుడు 45 ఉదంతాలను పరిశీలించి, ఉదరాన్ని తెరచి చూడవలెననీ, రక్తాన్ని అరికట్టి, గాయాన్ని కుట్టి, రసం వెలుపలికి పోవుటకు దారి కల్పించవలెననీ బోధించాడు. 1905లో గర్రే అనే వైద్యుడు పూర్తిగా తెగిన క్లోమం కుట్టుతో మానిన ఉదంతాన్ని ప్రకటించాడు.

అయినా మెత్తని గ్రంథిలో కుట్టు నిలవడం కష్టం. అందుచేత 1959లో లెటన్, విల్సన్ అనే అమెరికన్ వైద్యులు మరొక మార్గాన్ని వివరించారు. తెగిన గ్రంథిలో శిరోభాగపు కొనను మూసివేసి, తోకభాగానికి ప్రేవును అతికించారు. రసం తిరిగి ప్రేవులోనికే చేరినది.

1990లో అమెరికన్ శస్త్రవైద్యులు ఈ గాయాలను ఐదు తరగతులుగా విభజించారు. ఆ విభజనలోనూ ప్రధానమైన ప్రశ్న ఒక్కటే: నాళం తెగినదా, లేదా? తెగకపోతే రసం వెలుపలికి పోయే గొట్టం అమర్చడం తరచుగా చాలును. వెన్నెముకకు ఎడమవైపున తెగితే తోకభాగాన్ని తొలగించడం పరిపాటి. మిగిలిన గ్రంథి సాధారణంగా శరీరానికి సరిపోతుంది. శిరోభాగం చితికితే ముందు రక్తస్రావాన్ని ఆపి, ప్రాణం నిలిచిన పిమ్మటనే తక్కిన మరమ్మతు చేస్తారు.

ఈ గాయం తొలి గంటలలో బయటపడకపోవచ్చును; రక్తపరీక్ష సైతం అప్పటికి మామూలుగానే ఉండవచ్చును. సైకిలు హ్యాండిలు పొట్టలో గ్రుచ్చుకొన్న బాలుడు లేచి ఆడుకొన్నంత మాత్రాన నిశ్చింత పనికిరాదు. కొన్ని గంటలకో మరునాటికో కడుపునొప్పి, వాంతి కనిపిస్తే, దెబ్బ తగిలిన సంగతి చెప్పి, వెంటనే ఆసుపత్రిలో చూపించవలెను.